పసుపెక్కిన ఫ్లాస్కు

ఈ ఉదయం ల్యాబులో కణాలను పెంచే ఇంక్యుబేటర్ తలుపు తీయగానే గుండె జారిపోయింది. నిన్న రాత్రి ఎర్రగా, తేటగా ఉన్న ద్రావణం పసుపెక్కి మసకబారింది. ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి మెల్లగా వంచితే అడుగు నుంచి సన్నని పొగలాంటి తెర లేచింది. మూడు వారాలుగా కంటికి రెప్పలా చూసుకున్న మనిషి కణాలు! వాటిలో బాక్టీరియా చేరింది.

మనిషి కణం రెండుగా చీలడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఈ.కోలై బాక్టీరియాకు పరిస్థితులు అనుకూలిస్తే 20 నిమిషాలు చాలు. కణాల కోసం మనం అమర్చిన పోషకాలు, 37 డిగ్రీల వెచ్చదనం దానికీ కలిసొస్తాయి. యాంటీబయాటిక్ ఉంది కదా అంటారు. మైకోప్లాస్మా అనే బాక్టీరియాకు కణకవచమే లేదు, ఇక ఆ కవచాన్నే దెబ్బతీసే పెన్సిలిన్ దాన్నేం చేస్తుంది?

అందుకే వెలుతురుతో నడుస్తూ బాక్టీరియాను వేటాడే సూక్ష్మ రోబోల మీద నాకింత ఆశ. మోటారు లేదు, బ్యాటరీ లేదు. టైటానియం డయాక్సైడ్ రేణువుకు ఒక వైపే బంగారు పూత పూస్తారు. అతినీలలోహిత కాంతి పడితే రెండు వైపులా రసాయన చర్య ఒకేలా జరగదు, ఆ తేడాయే రేణువును ముందుకు నెడుతుంది. అప్పుడు పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు బాక్టీరియా పొరను దెబ్బతీస్తాయి. చిక్కల్లా అవి మన కణాలనూ వదలవు, ఆ కాంతి కూడా అంతే. కంటికి కనిపించే వెలుతురుతోనే కదిలే బిస్మత్ వనడేట్ లాంటి పదార్థాలు నన్ను ఎక్కువగా ఆకర్షించేది ఇందుకే. చంపకుండా, పట్టి బయటికి మోసుకుపోగలిగితే ఇంకా మేలు.

ఫ్లాస్కులో బ్లీచ్ పోశాను. ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి దాచిన మరో కణాల గొట్టం తీసి, చేతులు వణకకుండా కరిగించాను. రేపు ఉదయం మళ్లీ ఆ తలుపు తీయాలి.