పరుపుకు జిప్పు కుట్టాక

రెండేళ్ళ కిందట భోగి. తెల్లవారుజామున వైజాగ్ కంచరపాలెంలో మా వీధి చివర మంట వేశారు. పాత కుర్చీలు, విరిగిన తలుపు చెక్కలు, ఎవరో తెచ్చి పడేసిన స్కూటర్ టైరు కూడా అందులోనే కాలింది. ఉబ్బసం (ఆస్తమా) ఉన్న మా చిన్నోడికి అప్పుడు ఆరేళ్ళు. వాళ్ళ నాయనమ్మ గుచ్చి ఇచ్చిన పిడకల దండ మంటలో వేసి, చేతులు కాచుకుని సంబరంగా ఇంటికొచ్చాడు. ఏడింటికి దగ్గు మొదలైంది. ఎనిమిదింటికి పిల్లికూతలు. తొమ్మిదింటికి చొక్కా ఎత్తి చూస్తే డొక్కలు ఎగరేస్తున్నాడు, ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింద గుంట పడుతోంది. "అమ్మా, నీళ్ళు" అన్న రెండు మాటలకు మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు.

అల్మరాలోంచి, ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలం రంగు ఇన్హేలర్ తీసి నొక్కితే శబ్దం వచ్చింది గానీ మందు రాలేదు. ఎప్పుడు కొన్నామో, ఎన్నిసార్లు నొక్కామో మాకు లెక్కే లేదు. పండగ పూట ఆటో దొరికేసరికి పావుగంట పట్టింది. ఆ పావుగంట వాణ్ణి ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని వీధిలో నిలబడ్డాను. ఆస్పత్రిలో వేలికి క్లిప్ పెడితే రక్తంలో ఆక్సిజన్ 90 శాతమే చూపించింది. వెంటనే మాస్క్ తగిలించి ఆక్సిజన్ పెట్టారు. మందుని సన్నని తుంపరగా మార్చి పీల్పించే నెబ్యులైజర్ ఇరవై నిమిషాలకోసారి మూడుసార్లు పెట్టాక వాడు తల నా భుజం మీద వాల్చి నిద్రపోయాడు.

అప్పుడు డాక్టరమ్మ అడిగారు, "రోజూ వాడమన్న ఇన్హేలర్ ఎప్పుడు ఆపేశారమ్మా?" అని. దసరాకి ఆపేశాను. అప్పటికి నెలన్నర నుంచి దగ్గు లేదు. జాకెట్ కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ "ఇన్హేలర్ అలవాటైపోతుందమ్మా, పిల్లాడు ఎదగడు" అంది. నాకూ లోపల అదే భయం ఉండేది కాబట్టి ఆ మాట చటుక్కున పట్టుకున్నాను. తులసి, మిరియాలు, అల్లం కషాయం మొదలుపెట్టి మందు పక్కన పెట్టేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి ఆ రోజు ఆస్పత్రిలోనే తెలిసింది.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. కాగితం మీద ఊపిరితిత్తుల్లో గాలి వెళ్ళే గొట్టం ఒకటి గీసి చూపించారు. ఆయాసం వచ్చినప్పుడు గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, నీలం ఇన్హేలర్‌లోని సాల్‌బుటమాల్ దాన్ని వదులు చేస్తుంది. కానీ గొట్టం లోపలి గోడ వాచి ఉంటుంది. దగ్గు లేని రోజుల్లో కూడా ఆ వాపు ఉంటుంది. దాన్ని తగ్గించేది రోజూ పీల్చే స్టెరాయిడ్. బిళ్ళల్లో ఇచ్చే స్టెరాయిడ్ మిల్లీగ్రాముల్లో ఉంటుంది, పీల్చేది మైక్రోగ్రాముల్లో, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు లెక్కన. ఎత్తు సంగతి కూడా దాచకుండా చెప్పారు. ఏళ్ళ తరబడి వాడితే పెద్దయ్యాక సుమారు ఒక సెంటీమీటరు తేడా రావచ్చు, అందుకే మందు సరిపోయేంత తక్కువలో ఉంచి, పిల్లాడు కుదురుకున్నాక తామే తగ్గిస్తామన్నారు. రాత్రుళ్ళు నిద్ర లేక, ఆటలు మానేసి, తిండి తినక తగ్గిపోయే పిల్లల్ని చూస్తే ఆ సెంటీమీటరు పెద్దదేం కాదన్నారు.

తర్వాత "మీరు మందు ఎలా ఇస్తారో చూపించండి" అన్నారు. చూపించాను. ఊపకుండా, రెండుసార్లు గబగబా నొక్కి, వాడి చేత రెండు ఊపిర్లు తీయించాను. అంటే వాడిన రోజుల్లో కూడా సగం మందు వృథా చేశానన్నమాట. ఇన్హేలర్ బాగా ఊపాలి. దాన్ని స్పేసర్‌కి, అంటే ఇన్హేలర్‌కీ ముఖానికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టానికి తగిలించి, మాస్క్ ముఖానికి గాలి పోకుండా ఆనించాలి. ఒక్కసారే నొక్కాలి. అయిదారు మామూలు ఊపిర్లు తీసుకోనివ్వాలి. అరనిమిషం ఆగి, మళ్ళీ ఊపి రెండోది. స్టెరాయిడ్ అయితే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మించాలి. మా వాడు స్పేసర్‌కి "తొండం" అని పేరు పెట్టాడు. దాని మీద ఏనుగు బొమ్మ అంటించుకున్నాడు. పొద్దున్న పళ్ళు తోముకునే ముందు ఒకసారి, రాత్రి తోముకునే ముందు ఒకసారి తొండం పూజ.

ఇన్హేలర్ కొన్న రోజే మార్కర్‌తో దాని మీద తేదీ రాస్తాను. మా వాడి రోజువారీ మందు డబ్బాలో 120 మోతాదులు, రోజుకు 4, అంటే 30 రోజులు. నీలం దాన్లో 200, అది అవసరానికి వాడేది కాబట్టి నొక్కినప్పుడల్లా క్యాలెండర్ మీద గీత పెడతాం. డబ్బాని నీళ్ళలో వేసి తేలుతోందా మునుగుతోందా చూస్తే ఎంత మందు మిగిలిందో తెలుస్తుందంటారు. అది నమ్మకండి.

ఇక ఇల్లు. నేను ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. జాకెట్లు, లైనింగులు, ఫాల్స్, పీకో. మాది రెండు గదుల ఇల్లు, మిషను వాడు పడుకునే గదిలోనే ఉండేది. కత్తిరించిన పీచు, నూలు దుమ్ము ఆ గది నిండా. దాన్ని పొద్దునే పొడి చీపురుతో ఊడ్చి గాల్లోకి లేపేదాన్ని. వాడు తుమ్ములతో నిద్ర లేస్తే రొంప అనుకునేదాన్ని. ముందు మిషను వరండాలోకి మార్చాను. వాన జల్లు పడకుండా ప్లాస్టిక్ పట్టా కట్టించాం. గదిలో పొడి చీపురు మానేసి తడిగుడ్డే పెడుతున్నాను.

చర్మం మీద చుక్కలు వేసి చేసే అలర్జీ పరీక్షలో మా వాడికి దుమ్ము పురుగుల చుక్క అర్ధ రూపాయంత ఉబ్బింది. కంటికి కనిపించని ఆ పురుగులు పరుపుల్లో, దిండ్లలో ఉంటాయి, మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయి. తేమ అంటే వాటికి పండగ. సముద్రం పక్కనున్న మన వైజాగ్‌లో తేమకి కొదవేముంది! పురుగు కన్నా దాని రెట్టే ఒంటికి ఎక్కువ అలర్జీ తెస్తుందట.

పరుపుకి కవర్ వేయమన్నారు. బయట అడిగితే ధర నా పది జాకెట్ల కుట్టుకూలి. నేను కుట్టలేనా అనుకున్నాను. పూర్ణా మార్కెట్ దగ్గర కొట్లన్నీ తిరిగి, నేత బాగా దగ్గరగా ఉన్న గుడ్డ వెతికాను. గుడ్డని దీపానికి అడ్డం పట్టి చూస్తే సన్నని చుక్కలుగా వెలుతురు దిగితే వద్దనేదాన్ని. ఒక వైపే తెరిచి ఉంచే కవరు కాదు, పరుపు ఆరు ముఖాలూ మూసుకుపోవాలి. మూడు వైపుల తిరిగే పొడుగు జిప్పు వేశాను. కుట్టు రంధ్రాల్లోంచి కూడా దుమ్ము వస్తుందని కుట్టు మీద లోపలి వైపు పట్టీ మడిచి మళ్ళీ కుట్టాను. జిప్పు ఆగే మూల దగ్గర చిన్న ఖాళీ మిగిలితే దాని మీద గుడ్డ నాలుక ఒకటి వేశాను. పెళ్ళి జాకెట్‌కి కూడా అంత శ్రద్ధ పెట్టి ఉండను. అత్తయ్య తెచ్చిన బూరుగు దూది దిండు తీసేసి, వేరే దిండుకి అదే గుడ్డతో గలేబు. దుప్పట్లు వారానికోసారి పొగలు కక్కే నీళ్ళలో నానబెట్టి ఉతకడం. ఆ పురుగులు చావాలంటే 60 డిగ్రీలు ఉండాలి. వాడి దూది ఎలుగుబంటిని కవర్లో కట్టి ఒక రోజంతా ఫ్రీజర్లో పెట్టి, తర్వాత ఉతుకుతాను. మొదటిసారి "అమ్మా, దానికి చలేస్తుంది" అని ఏడ్చాడు.

కవర్ ఒక్కటీ వేసి కూర్చుంటే లాభం అంతంతమాత్రం అని డాక్టరమ్మ ముందే చెప్పారు. నా అనుభవం కూడా అదే. దుమ్ము, పొగ, మందు, నిద్ర, అన్నీ కలిపి పట్టుకున్నాకే మాకు తేడా కనిపించింది.

అన్నిటికన్నా కష్టమైంది సాంబ్రాణి. మా అత్తయ్యది విజయనగరం వైపు పల్లె. శుక్రవారం తలంటు పోసి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పిల్లాడి తల తుడుస్తూ ఆ పొగ పట్టడం ఆవిడకి ముద్దు. వాడు పుట్టినప్పటి నుంచి ఆ చేతులతో చేసిన పని. అది పడదని ఆవిడకి ఎలా చెప్పను? వారం రోజులు చెప్పలేకపోయాను. ఒక శుక్రవారం పొగ పట్టిన పావుగంటకి వాడికి దగ్గు వచ్చినప్పుడు, వాడి వీపు మీద ఆవిడ చెవి ఆనించి వినమన్నాను. కాసేపు అలాగే విన్నారు. "లోపల పిల్లి పిల్ల అరుస్తోందే" అన్నారు. లేచి సాంబ్రాణి డబ్బా పైఅరలో పెట్టేశారు. ఇప్పుడు తల ఎండలో ఆరబెడతారు. దేవుడి దగ్గర అగరుబత్తి బదులు దీపం, పూలు. దోమల కాయిల్ మానేసి దోమతెర కట్టాం. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నని రేణువులు 75 సిగరెట్లకు తక్కువ ఉండవని 2003లో అచ్చయిన ఒక పరిశోధన లెక్క కట్టింది. మూసిన గదిలో రాత్రంతా మేమే అది పెట్టేవాళ్ళం.

తిండి విషయంలో మాత్రం మేం అనవసరంగా వాణ్ణి సాధించాం. అరటిపండు వద్దు, పెరుగు వద్దు, నారింజ వద్దు. పిల్లాడు పీచులా అయ్యాడు. పరీక్షలో ఏ తిండీ వాడికి పడదని తేలలేదు. ఇప్పుడు అన్నీ తింటాడు. మిరియాల పాలు ఇస్తాను, గొంతుకి హాయిగా ఉంటుంది. ఆయాసానికి మందని ఇవ్వను. మృగశిర కార్తెకి హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి తీసుకెళ్ళి చేప మందు వేయించమని మా మావయ్య చాలాసార్లు అన్నారు. ఆయన ప్రేమకి దండం పెట్టి, వద్దన్నాను. బతికున్న చేపని మింగించడం, ఆ రద్దీలో గంటలకొద్దీ నిలబెట్టడం నా వాడికి వద్దనిపించింది.

భయం కూడా రోగంలో భాగమే అని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆ భోగి తర్వాత వాడు చీకటి పడితే నా కొంగు వదిలేవాడు కాదు. "రాత్రి మళ్ళీ వస్తుందా?" అని అడిగేవాడు. పడుకునే ముందు ఇద్దరం కూర్చుని భ్రామరి ప్రాణాయామం చేస్తాం, తుమ్మెదలా మ్‌మ్‌మ్ అని. దాంతో ఉబ్బసం పోదు, వాడి గుండె దడ మాత్రం తగ్గుతుంది. ఆటలు మాన్పించలేదు. డాక్టరమ్మ చెప్పినట్టు పరుగు పందెం ముందు నీలం మందు పీలుస్తాడు. బడి సంచిలో తొండం, నీలం ఇన్హేలర్, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గళ్ళున్న కాగితం ఉంటాయి. ఏ గడి వస్తే ఏం చేయాలో అందులో రాసి ఉంటుంది. మాట మధ్యలో ఆగితే, డొక్కలు ఎగరేస్తే, పెదాలు నీలంగా మారితే అది ఎరుపు, మందు పీలుస్తూనే ఆస్పత్రికి వెళ్ళిపోవాలి. వాళ్ళ టీచర్ గారికి ఆ కాగితం నేనే చదివి వినిపించాను.

డిసెంబర్, జనవరి అంటే ఇప్పటికీ టెన్షనే. కొండల మధ్య ఊరు కదా, చలి ఉదయాల్లో పొగ పైకి లేవకుండా కిందే నిలిచిపోతుంది. గాలి కాలుష్యం ఎంతుందో చూపించే సమీర్ యాప్‌లో గాలి నాణ్యత సూచీ (AQI) 200 దాటిన రోజు పొద్దున ఆటకి పంపను, ఎండ వచ్చాక పంపుతాను.

ఈ ఏడాది భోగికి మళ్ళీ మంట వేశారు. మా ఆయన ముందు రోజే వీధి కుర్రాళ్ళకి చెప్పారు, టైర్లు వేయొద్దని. వేయలేదు. మేం మేడ మీద, గాలి మా వైపు నుంచి మంట వైపుకి వీస్తున్న చోట నిలబడి చూశాం. చిన్నోడు తన పిడకల దండ నాయనమ్మ చేతిలో పెట్టి, "నా పేరు చెప్పి వెయ్యి" అన్నాడు. ఆవిడ మెట్లు దిగి, వీధి చివరికి వెళ్ళి, మంట దగ్గర ఆగి, మేడ వైపు చూసి వాడి పేరు గట్టిగా పిలిచి దండ వేశారు. వాడు పైనుంచి అంతకన్నా గట్టిగా "ఓయ్" అని అరిచాడు, ఒక్క ఊపిరిలో.