ముళ్లు లేని గడియారం గుండ్రంగా కనిపించాలి: పాత స్వీడిష్ సినిమాను ఇంట్లో సరిగ్గా చూడటం

సినిమా మొదలైన కాసేపటికే ఒక కల వస్తుంది. ముసలి డాక్టరు ఈసాక్ బోర్గ్ మనిషి జాడ లేని వీధిలో నడుస్తుంటాడు. తలెత్తి చూస్తే దుకాణం ముందు వేలాడే పెద్ద గడియారం. దానికి ముళ్లు లేవు. కింద కళ్లద్దాల వెనక రెండు పెద్ద కళ్లు. మీ టీవీలో ఆ గడియారం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డును అడ్డంగా పెట్టినట్టు ఉందా చూడండి. గుడ్డులా ఉంటే అక్కడే ఆపి రిమోట్ అందుకోండి.

ఇది ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1957లో తీసిన 'స్ముల్ట్రోన్‌స్టెల్లెట్', ఇంగ్లిషులో 'వైల్డ్ స్ట్రాబెర్రీస్'. 1958లో బెర్లిన్ ఉత్సవంలో గోల్డెన్ బేర్ గెలిచింది. నిడివి 91 నిమిషాలు, నలుపు తెలుపు, కెమెరా గున్నార్ ఫిషర్. డెబ్బై ఎనిమిదేళ్ల డాక్టరు గౌరవ పట్టా అందుకోవడానికి స్టాక్‌హోమ్ నుంచి లుండ్ దాకా కోడలితో కలిసి కారులో పోతాడు. దాదాపు 600 కిలోమీటర్లు. హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు రెండుసార్లు పోయి వచ్చినంత దూరం. దారిలో పాత ఇల్లు, పాత ప్రేమ, ముసలి తల్లి, కలలు. డాక్టరుగా వేసిన విక్టర్ షోస్ట్రోమ్ కూడా అప్పటికి దాదాపు ఆ వయసువాడే. మూకీల కాలంలో స్వీడన్ గర్వించిన దర్శకుడు. 1960 జనవరిలో కన్నుమూశాడు. ఈ సినిమాకు ఆయన ముఖమే కథ. పునరుద్ధరించిన డిస్కు కొనాలి అనేది అందుకే. ఆ ముఖం మీది ముడతలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాలి. మామూలుగా మన ఇళ్లల్లో టీవీ ఉండే తీరులో అవే ముందు పోతాయి.

ముందు డిస్కు సంగతి. బ్లూరే డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడాలో చెప్పే గుర్తును రీజియన్ అంటారు. మన దేశానికి కేటాయించిన బ్లూరే రీజియన్ సి. అమెరికా డిస్కుకు ఏ, యూరప్ డిస్కుకు బి. క్రైటీరియన్ సంస్థ 2013లో తెచ్చిన బ్లూరేగానీ, బెర్గ్‌మన్ శతజయంతికి 2018లో 39 సినిమాలతో తెచ్చిన పెద్ద పెట్టెగానీ అమెరికా సరుకు. సి ప్లేయర్‌లో పెడితే తెర మీద రీజియన్ హెచ్చరిక తప్ప ఏమీ రాదు. అమ్మేవాళ్లు 'మల్టీ రీజియన్' అంటే అది డీవీడీకా, బ్లూరేకా అని అడిగి తీరాలి. డీవీడీ లాక్‌ను కొన్ని ప్లేయర్లలో రిమోట్ మీద అంకెలు నొక్కి తీసేయొచ్చు. బ్లూరే లాక్ అంత తేలిగ్గా పోదు, చాలావాటికి లోపల వేరే చిప్ పెట్టాలి. పెట్టె మీద ఏ, బి, సి మూడూ రాసి ఉన్న ప్లేయర్ అయితేనే డబ్బు పెట్టండి.

పాత యూరప్ డీవీడీ చవకగా దొరికితే ఒక్కటి గుర్తుంచుకోండి. సినిమా తీసింది సెకనుకు 24 ఫ్రేములతో. యూరప్ టీవీ పద్ధతి అయిన 'పాల్'లో చేసిన డీవీడీ ఆడేది 25తో. అంటే 91 నిమిషాల సినిమా 87 నిమిషాలకే అయిపోతుంది, గొంతులు కూడా కొంచెం సన్నబడతాయి. షోస్ట్రోమ్ గొంతులోని బరువు ఆ నాలుగు శాతంలో పోతుంది. వెనక అట్ట మీద 87 అని కనిపిస్తే అదే కారణం, కత్తిరించారని అనుకోవద్దు.

ఇక గడియారం. ఈ బొమ్మ వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు, మన టీవీలది 1.78 రెట్లు. సరిగ్గా ఆడితే రెండు పక్కలా నల్ల పట్టీలు రావాలి. 43 అంగుళాల టీవీ తెర సుమారు 95 సెంటీమీటర్ల వెడల్పు, బొమ్మ 73 దాకా ఉంటుంది, ఒక్కో పట్టీ దాదాపు 11 సెంటీమీటర్లు. టేపు పెట్టి కొలవండి, అనుమానం ఉండదు. 'ఫుల్' లేదా 'వైడ్'లో పెడితే మనుషులు 30 శాతం లావవుతారు. 'జూమ్'లో పెడితే గడియారం గుండ్రంగానే ఉంటుంది గానీ పైనా కిందా కలిపి బొమ్మలో నాలుగో వంతుకు దగ్గరగా పోతుంది. ఈ కలలో గడియారమూ, దాని కింది కళ్లూ ఒకే బొమ్మలో ఉండాలి. పట్టీలు చూసి 'తెర నిండలేదు' అని ఇంట్లోవాళ్లు అంటారు. రెండు నిమిషాలు ఆగమనండి, గది చీకటైతే పట్టీలు గోడలో కలిసిపోతాయి.

ఎల్‌జీలో ఆస్పెక్ట్ రేషియో 'ఒరిజినల్', దాని కింద 'జస్ట్ స్కాన్' ఆన్. శాంసంగ్‌లో పిక్చర్ సైజు 16:9, 'ఫిట్ టు స్క్రీన్' ఆన్. ఈ రెండోది మరిచిపోతే అంచులు కోసుకుపోతాయి, బొమ్మ కొంచెం సాగి పదును తగ్గుతుంది.

తర్వాత కదలిక. శాంసంగ్‌లో 'పిక్చర్ క్లారిటీ', ఎల్‌జీలో 'ట్రూమోషన్', సోనీలో 'మోషన్‌ఫ్లో'. పేరు ఏదైనా చేసేది ఒకటే: రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును ఊహించి కలుపుతుంది. క్రికెట్‌కు పనికొస్తుందేమో గానీ సినిమాను సీరియల్‌లా మారుస్తుంది. ఆ కలలోనే శవపేటిక బండి చక్రం వీధి దీపం స్తంభానికి తగులుకుని ముందుకూ వెనక్కూ ఊగుతుంది. టీవీ ఊహించిన ఫ్రేములు కలిస్తే స్తంభం అంచు జెల్లీలా వణుకుతుంది. పూర్తిగా ఆఫ్ చేయండి. ప్లేయర్ మెనూలో '24పి అవుట్‌పుట్' ఆటోలో ఉండాలి. లాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ పెడితే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 హెర్ట్జ్ బదులు 24 లేదా 23.976 ఎంచుకోండి. 60లో ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు ఆడుతుంది, కెమెరా మెల్లగా తిరిగినప్పుడు కుంటుతున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి, గ్రెయిన్. పాత ఫిల్ములో బొమ్మ అంటే వెండి రేణువుల గుంపు. ప్రతి ఫ్రేములో ఆ రేణువులు వేరే చోట పడతాయి, అందుకే ఇసుక మెల్లగా మరుగుతున్నట్టు కనిపిస్తుంది. అది దుమ్ము కాదు. దుమ్మూ గీతలూ పునరుద్ధరణలోనే తీసేస్తారు. నెగెటివ్ మీది దుమ్ము తెర మీద తెల్ల చుక్కగా, ప్రింటు మీది దుమ్ము నల్ల చుక్కగా వస్తుంది కాబట్టి మచ్చ చూస్తేనే అది ఏ దశలో పడిందో తెలుస్తుంది. ఫిల్ము వీపు వైపు గీతలను ద్రవంలో ముంచి స్కాన్ చేసి మాయం చేయొచ్చు. ఆ ద్రవం కాంతిని వంచే తీరు ఫిల్ము పొరకు దగ్గరగా ఉంటుంది గనక గీత నిండిపోయి కాంతి నేరుగా దాటుతుంది. బొమ్మ ఉన్న వైపు గీత పడితే ఆ కిటుకు పనిచేయదు, ముందు ఫ్రేములోంచో వెనక ఫ్రేములోంచో ఆ ముక్క తెచ్చి అతకాలి. ఫ్రేము వెంట ఫ్రేము, ఇంత ఓపికతో శుభ్రం చేసినవాళ్లు గ్రెయిన్‌ను తీసేయగలిగీ వదిలేశారు. కారణం, ముఖం మీది సన్నని వివరమంతా ఆ రేణువుల్లోనే ఉంది.

మన టీవీ దాన్ని ఒక్క బటన్‌తో తుడిచేస్తుంది. 'నాయిస్ రిడక్షన్', 'ఎంపెగ్ నాయిస్ రిడక్షన్', 'డిజిటల్ క్లీన్ వ్యూ' అన్నీ ఆఫ్. ఉంచితే షోస్ట్రోమ్ చెంపలు మైనం పూసినట్టు నున్నగా అవుతాయి. షార్ప్‌నెస్ శాంసంగ్‌లో 0, ఎల్‌జీలో 0 నుంచి 10 లోపు. సోనీలో మాత్రం 50 దగ్గరే తటస్థం, 0కు దించితే మసకబారుతుంది. ఎక్కువ ఉంటే నల్లకోటు చుట్టూ తెల్లని అంచు గీసినట్టు వస్తుంది. డైనమిక్ కాంట్రాస్ట్ ఆఫ్, పవర్ సేవింగ్ ఆఫ్. పిక్చర్ మోడ్ 'సినిమా' లేదా 'ఫిల్మ్‌మేకర్', రంగు ఉష్ణోగ్రత 'వార్మ్'. స్టాండర్డ్‌లో ఉంచితే నలుపు తెలుపు బొమ్మ నీలంగా కనిపిస్తుంది. మొదటి పది నిమిషాలు వార్మ్ పసుపుగా అనిపించినా కన్ను అలవాటు పడుతుంది. స్ట్రీమింగ్‌లో చూస్తుంటే 'కలర్'ను 0కు దించండి, కంప్రెషన్ వల్ల అక్కడక్కడ మెరిసే ఆకుపచ్చ, గులాబీ మచ్చలు పోతాయి.

నలుపు చూసుకోవడానికి మళ్లీ ఆ కలే ఆధారం. ఫిషర్ వీధి గోడలను మండే తెలుపులోకి, నీడలను కారు నలుపులోకి తోశాడు. అయినా డాక్టరు కోటు మడతలు కొన్ని తెలియాలి. కోటు మొత్తం బొగ్గు ముద్దలా ఉన్నా, నలుపు బూడిద రంగులో ఉన్నా ప్లేయరుకూ టీవీకీ హెచ్‌డీఎంఐ రేంజి, అంటే నలుపు నుంచి తెలుపు దాకా లెక్కించే తీరు, విషయంలో పొత్తు కుదరలేదన్నమాట. రెంటినీ 'లిమిటెడ్' లేదా 'లో'లో పెట్టండి.

కొన్ని చోట్ల లోపం డిస్కుది కాదు. ఒక దృశ్యం కరిగి మరొకటి వచ్చే చోట గ్రెయిన్ హఠాత్తుగా లావెక్కి, తర్వాతి కట్‌తో మామూలవుతుంది. ఆ ముక్కను అప్పట్లో ఆప్టికల్ ప్రింటర్‌లో ఇంకోసారి ఫిల్ము మీదికి దించారు, అది కాపీకి కాపీ. కారు లోపలి షాట్లలో కిటికీ అవతలి రోడ్డు మెత్తగా, వేరే వెలుగులో ఉంటుంది, అది స్టూడియోలో వెనక తెర మీద ఆడించిన రోడ్డు. సెట్టింగ్స్ మార్చి వీటిని బాగుచేయాలని చూడొద్దు, మిగతా సినిమా చెడుతుంది.

గది గురించి ఎవరూ రాయరు గానీ మన ఊళ్లో సగం సమస్య అదే. ఎండాకాలం పొద్దుగూకినాక ఏడుంపావు దాటితే గానీ మొదలుపెట్టకండి. కిటికీకి పరదా బదులు వరంగల్ కొత్తవాడ దరీ వేలాడదీయండి. మందపు నూలు నేత, వీధి దీపం వెలుగు దాదాపు ఆగిపోతుంది. టైల్స్ నేల మీద ఇంకోటి పరిస్తే మాట ప్రతిధ్వని తగ్గుతుంది. సౌండ్ మోనో, గడియారం టిక్కుమన్నా గుండె చప్పుడైనా ఒకే ట్రాక్. టీవీలో 'సరౌండ్', సౌండ్‌బార్‌లో 'మూవీ' మోడ్ తీసేసి 'స్టాండర్డ్' లేదా 'స్టీరియో' పెట్టండి. ఆ కలలో చాలాసేపు మాటే ఉండదు, కూలర్ మోతలో అదంతా కొట్టుకుపోతుంది. సినిమాకు ముందు గంటసేపు కూలర్ నడిపి గది చల్లబరిచి, కల అయ్యేదాకా మొదటి పావుగంట ఆపేయండి. ఇన్వర్టర్ ఉంటే స్విచ్ 'యూపీఎస్' వైపు ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయిన క్షణం ప్లేయర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, చాలా డిస్కులు ఆపిన చోటును గుర్తుపెట్టుకోవు. కూర్చునే దూరం 43 అంగుళాలకు ఐదున్నర నుంచి ఆరడుగులు.

మిగిలింది తెలుగు. ఇంట్లో పెద్దవాళ్లతో చూడాలంటే సొంతంగా సబ్‌టైటిల్ చేసుకోవడం కష్టమేం కాదు, కొన్న డిజిటల్ కాపీ లాప్‌టాప్‌లో ఉంటే చాలు. సబ్‌టైటిల్ మాటలుండే ఎస్‌ఆర్‌టీ ఫైలును 'యూటీఎఫ్-8' ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయండి, లేకపోతే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి. చాలా టీవీలు పెన్‌డ్రైవ్ నుంచి తెలుగు చూపిస్తాయి గానీ ఒత్తులు విడిపోతాయి, 'స్త్రీ' మూడు ముక్కలవుతుంది. లాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్ తెరిచి సబ్‌టైటిల్ ఫాంట్‌గా నోటో సాన్స్ తెలుగు ఎంచుకుని హెచ్‌డీఎంఐ ద్వారా ఆడించండి. వరుసకు 30 అక్షరాలు దాటించకండి, రెండు వరుసలే. ఒత్తులు కింది వరుస గుడులకు తగలకుండా అక్షరం కొంచెం చిన్నది పెట్టండి.

సబ్‌టైటిల్ మాటకన్నా ముందే వస్తుంటే, మొదట్లో కుదిరి గంటకు రెండున్నర నిమిషాలు తేడా పడుతుంటే, ఆ ఫైలు 25 ఫ్రేముల కాపీకి చేసింది. వీఎల్‌సీలో జి, హెచ్ మీటలు ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు జరుపుతాయి, అది ఆ క్షణానికే సరిపోయి మళ్లీ తప్పుతుంది. 'సబ్‌టైటిల్ ఎడిట్' అనే సాఫ్ట్‌వేర్‌లో 'చేంజ్ ఫ్రేమ్ రేట్' తెరిచి 25 నుంచి 23.976కు మార్చండి.

పేరు దగ్గర కొంచెం ఆగాలి. స్ముల్ట్రోన్ అంటే అడవిలో నేలబారున కాసే చిన్న స్ట్రాబెర్రీ, 'స్టెల్లె' అంటే చోటు. తమకు మాత్రమే తెలిసిన, మనసుకు దగ్గరైన తావును కూడా స్వీడన్‌వాళ్లు ఈ మాటతోనే పిలుస్తారు. ఇంగ్లిషు పేరులో పండ్లు మిగిలి చోటు పోయింది. ములుగు, ఏటూరునాగారం వైపు పెరిగినవాళ్లకు పరికిపండ్ల పొద, తునికిచెట్ల గుంపు అంటే విడమరచి చెప్పనక్కర్లేదు. పేరుకు 'పరికిపండ్ల తావు' బాగుంటుంది. సంభాషణల్లో మాత్రం స్ట్రాబెర్రీ అనే ఉంచాలి, డాక్టరు పాత ప్రేమ సారా ఏరుతున్న పండ్లు తెర మీద కనిపిస్తున్నాయి కదా.

పిలుపుల వరుసలు తెలుగులోనే సహజంగా కుదురుతాయి. కోడలు మరియానె మామగారిని 'మీరు' అనే అంటుంది. కారులో మొదట్లో ఆమె కోపాన్ని చూపడానికి 'మామయ్యా' అనే పిలుపు తీసేస్తే చాలు, లుండ్ చేరేసరికి తిరిగి పెట్టొచ్చు. దారిలో కారు ఎక్కిన పిల్ల పేరూ సారానే, ఆమె నోట 'తాతా' తప్ప ఇంకోటి పొసగదు.

ఇంగ్లిషు సబ్‌టైటిల్‌లో పూర్తిగా నలిగిపోయేది పనిమనిషి అగ్డా దృశ్యం. అప్పటి స్వీడిష్‌లో పెద్దవాళ్లను ఎదురుగా ఉండగానే హోదాతో, మూడో మనిషిని అన్నట్టు పిలిచేవారు, 'ప్రొఫెసరు కాఫీ తాగుతారా' అని. 'నువ్వు' అందరి మధ్యా మామూలైంది 1960ల చివర్లో. మనం ఇప్పటికీ 'సారు చాయ్ తాగుతరా' అని సారు ముందే అంటాం, కాబట్టి ఇక్కడ తెలుగుకు ఏ తంటా లేదు. చివర్లో డాక్టరు, ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం, ఇకనైనా 'నువ్వు' అనుకుందామా అని అడుగుతాడు. ఆమె ఒప్పుకోదు. ఈ దృశ్యం దాకా అగ్డా నోట ఒక్కసారి కూడా 'మీరు' రానివ్వకండి, 'సారు' ఒక్కటే. డాక్టరు అడిగే వరుసలో 'నువ్వు' మొదటిసారి పడాలి. ఆమె జవాబులో మళ్లీ సారే. తరువాత ఆమె తన గది తలుపు కొంచెం తెరిచి పెడతానని, ఏమన్నా కావాలంటే ఎక్కడున్నదీ తెలుసు కదా అని చెప్తుంది. రెండు వరుసల్లో సరిపోతుంది:

'తలుపు ఓరగా ఏసి పెడ్తున్న.
ఏమన్న గావాల్నంటే సారు పిలవాలె.'