వేరే డిస్క్ కొన్నంత మాత్రాన వేరే అయిపోదు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది కదా, అప్పటి నుంచి పాత డెస్క్‌టాప్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే చర్చ. విండోస్ 11కి టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆపై ప్రాసెసర్ ఉండాలి. 6వ తరం ఐ5 మిషన్ ఎంత బాగా పనిచేస్తున్నా ఆ లిస్టులో ఉండదు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్న మా బామ్మర్దిది సరిగ్గా అదే మిషన్. ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) కోసం విండోస్ ఉండాల్సిందే, కానీ బ్యాంకు పనులు, బ్రౌజింగ్ అంతా విండోస్‌కి బదులు వాడే ఉచిత ఓఎస్ లినక్స్ మింట్‌లోకి మార్చేద్దామన్నాడు. ఒకే మిషన్‌లో రెండు ఓఎస్‌లు, అంటే డ్యూయల్ బూట్. మంచి ఆలోచనే. "ఉన్న డిస్క్‌లోనే కొంత భాగం విడదీసి ఒక పార్టిషన్ చేస్తే పోలా బావా, ఇంకో డిస్క్ దేనికి దండగ?" అన్నాడు.

దండగ కాదు. ఒకే డిస్క్ అంటే ముందు విండోస్ పార్టిషన్‌ని కుదించాలి, అందులో ట్యాలీ డేటా ఉంది, కుదించేటప్పుడు కరెంటు పోతే ఎవరు సమాధానం చెప్తారు? రేపు లినక్స్ నచ్చక తీసేయాలన్నా మళ్లీ అదే డిస్క్‌లో కోతలు. వేరే డిస్క్ అయితే కేబుల్ పీకేస్తే చాలు.

డిస్క్ కోసం కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్‌పీ రోడ్‌కే వెళ్లాం. చిక్‌పేట మెట్రోలో దిగి నడవచ్చు, బండి మీద మాత్రం వెళ్లకండి, పార్కింగ్ దొరకదు. ఆదివారం చాలా షాపులు మూసే ఉంటాయి. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (కేబుల్‌తో బిగించే డిస్క్) తీసుకుంటే డేటా కేబుల్ విడిగా అడగండి, డబ్బాలో సాధారణంగా రాదు. ఎం.2 (నేరుగా బోర్డు స్లాట్‌లో పెట్టేది) తీసుకునేవాళ్లు మదర్‌బోర్డ్ మాన్యువల్ ఒకసారి చూడాలి, కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్‌లో ఏదైనా పెడితే ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోతాయి. షాపువాడికి అది తెలిసి ఉండాలని లేదు.

ఇప్పుడు అసలు సంగతి. యూఈఎఫ్ఐ (ఆన్ చేయగానే నడిచే బయోస్‌కి కొత్త రూపం) ఉన్న మిషన్లలో ఓఎస్‌ని లేపే బూట్ ఫైళ్లు ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌లో ఉంటాయి, విండోస్ డిస్క్‌లో అది ఇప్పటికే ఉంది. ఉబుంటు (మింట్‌కి మూలమైన లినక్స్) పాత ఇన్‌స్టాలర్ యుబిక్విటీకి, మింట్ 22 కూడా వాడేది అదే, ఒక పాత జబ్బు ఉంది: మీరు కొత్త డిస్క్‌ని ఎంచుకుని, బూట్‌లోడర్ (ఓఎస్‌ని లేపే ప్రోగ్రామ్) కూడా అక్కడే పెట్టమని చెప్పినా, మొదటి డిస్క్‌లో కనపడిన ఆ పార్టిషన్‌లోనే గ్రబ్ అనే తన బూట్‌లోడర్‌ని పెట్టేస్తుంది. పైకి అంతా బాగానే నడుస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఏడాది తర్వాత విండోస్ డిస్క్ పోయిందనో, ఫార్మాట్ చేద్దామనో తీస్తే, కొత్త డిస్క్‌లో ఉన్న లినక్స్ కూడా లేవదు. డబ్బు పెట్టి వేరే డిస్క్ కొని, తాళం మాత్రం పాత ఇంట్లోనే వదిలినట్టు.

అందుకే ఇన్‌స్టాల్ చేసే ముందు విండోస్ డిస్క్ సాటా కేబుల్ పీకేయండి. కంప్యూటర్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, ఆ తర్వాత. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ డిస్క్ (ఎం.2 స్లాట్‌లో ఉండేది) తీయడం కష్టమైతే బయోస్‌లో ఆ స్లాట్‌ని డిజేబుల్ చేసే ఆప్షన్ ఉందేమో చూడండి. అదీ లేకపోతే లినక్స్ ఇన్‌స్టాల్ చేసే లైవ్ పెన్‌డ్రైవ్‌లో జీపార్టెడ్ అనే పార్టిషన్ టూల్ తెరిచి, విండోస్ ఈఎఫ్ఐ పార్టిషన్‌కి ఉన్న బూట్, ఈఎస్‌పీ ఫ్లాగులు (గుర్తులు) తాత్కాలికంగా తీసి, ఇన్‌స్టాల్ అయ్యాక మళ్లీ పెట్టడం ఒక దారి. నాకైతే కేబుల్ పీకడమే ఇష్టం, ఎందుకంటే కనెక్ట్ కాని డిస్క్‌ని ఏ ఇన్‌స్టాలరూ పాడుచేయలేదు, పైగా ఆ డిస్క్ లేకుండానే లినక్స్ లేచిందంటే బూట్‌లోడర్ ఎక్కడుందో వేరే పరీక్ష అక్కర్లేదు.

బయోస్ ముట్టుకునే ముందు విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉందేమో చూసుకుని, ఆ 48 అంకెల రికవరీ కీ ఫోన్‌లో కాకుండా కాగితం మీద రాసుకోండి. ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయాలి, లేకపోతే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవ్వదు, లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో ఏమీ రాయనివ్వదు.

రెండూ కనెక్ట్ చేశాక గ్రబ్ మెనూలో విండోస్ కనపడలేదని చాలామంది టెన్షన్ పడతారు. గ్రబ్ 2.06 నుంచి వేరే ఓఎస్‌లని వెతికే ఓఎస్-ప్రోబర్ డిఫాల్ట్‌గా ఆఫ్. మింట్ దాన్ని ఆన్‌లోనే ఉంచుతుంది, కానీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు విండోస్ డిస్క్ కనెక్ట్ అయి లేదు కదా, అందుకే మెనూలో రాలేదు. తర్వాత మెనూలో చేర్చుకోవచ్చు, కానీ నా మాట వింటే అలాగే వదిలేయండి. రోజూ వాడేది బయోస్‌లో మొదట పెట్టుకుని, రెండోది కావాల్సినప్పుడు ఆన్ చేయగానే ఎఫ్12 (కొన్ని బోర్డుల్లో ఎఫ్11, ఎఫ్8) నొక్కి ఎంచుకోవడం. ఒకదాని జోలికి ఇంకొకటి పోదు.

పూర్తిగా పోదు అని కూడా చెప్పలేను. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ ఒకటి చాలా డ్యూయల్ బూట్ మిషన్లలో లినక్స్‌ని లేవనివ్వలేదు. సెక్యూర్ బూట్‌కి (గుర్తింపు ఉన్న బూట్‌లోడర్‌నే లేవనిచ్చే తనిఖీ) సంబంధించిన ఆ మార్పు డిస్క్‌లో కాదు, మదర్‌బోర్డ్ మెమరీలో రాసుకుంటుంది, కాబట్టి వేరే డిస్క్ ఉన్నవాళ్లూ ఇరుక్కున్నారు. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి లినక్స్‌లోకి వెళ్లి సరిచేసుకోవాల్సి వచ్చింది.

ఇక గడియారం. లినక్స్ నుంచి విండోస్‌లోకి వెళ్తే టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి పోయి కనపడుతుంది. లినక్స్ మదర్‌బోర్డ్ గడియారంలో యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ సమయం) పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. ట్యాలీలో ఎంట్రీలు వేసేవాడికి ఇది చిన్న విషయం కాదు, రాత్రి మూడు గంటలప్పుడు చూస్తే తేదీయే మారిపోయి ఉంటుంది. టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అనే కమాండ్ (ఇంగ్లీషులోనే కొట్టాలి, స్పెల్లింగ్ వెతుక్కోండి) ఇస్తే రెండూ ఒకే టైమ్ చూపిస్తాయి.

తెలుగు టైపింగ్‌కి ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకోండి, అందులో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్, ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి) రెండూ ఉన్నాయి. మా బామ్మర్ది ఆర్‌టీఎస్ వాడుతున్నాడు, ప్రింటర్ మాత్రం ఇంకా విండోస్ నుంచే.