గాజుల చేతికి ఏ గడియారం?

నేను కొనుక్కోవలసిన స్మార్ట్‌వాచీ గురించి అబ్బాయి పంపిన పట్టికను సాయంత్రం నుంచి చూస్తూనే ఉన్నాను. ఒక గడిలో సామ్‌సంగ్ గెలాక్సీ వాచ్ 8, పక్క గడిలో అమేజ్‌ఫిట్ బిప్ 6. తెర కొలత, బరువు, బ్యాటరీ, నీళ్ళలో ఎంతవరకు ఆగుతుంది అన్న వివరాలన్నీ ఓపికగా నింపాడు గానీ, గాజులున్న చేతికి ఏది సరిపడుతుందన్న సంగతి మాత్రం వాడికి తోచలేదు, తోచే అవకాశమూ లేదు. అన్నాల దగ్గర ఈ మాట ఎత్తితే మా వారు పెరుగన్నం కలుపుకుంటూ, "ఏదో ఒకటి తీసుకోరాదూ, చూసేది టైమే కదా" అన్నారు. ఆ మాటకే ఇప్పుడు నిద్ర పట్టక ఇదంతా రాస్తున్నాను.

నిన్నటిదాకా నా మనసు గెలాక్సీ మీదే ఉంది. ఆ మధ్య డాక్టరుగారు నా బీపీ చూసి పెదవి విరిచిన దగ్గర్నుంచి, ఈసీజీ తీస్తుంది, రక్తపోటు చెబుతుంది అన్న మాటలకు నేను లొంగిపోయి ఉన్నాను. తీరా నింపాదిగా చదివితే, ఆ గడియారం రక్తపోటును తనంతట తాను కొలవదు. జబ్బకు పట్టీ చుట్టి గాలి నింపే మామూలు యంత్రంతో ముందు మనం చూసుకుని ఆ అంకెలు దానికి అప్పజెప్పాలి, ఆ తరువాత అది చర్మం కింద రక్తప్రవాహంలోని తేడాలను వెలుతురుతో పసిగట్టి అంచనా చెబుతుంది, 28 రోజులకొకసారి మళ్ళీ అదే యంత్రంతో సరిచూడాలి. ఆ యంత్రం ఎలాగూ అత్తయ్యగారి బీరువాలో ఉండనే ఉంది. అది చెప్పే అంకెనే అంచనాగా ఇంకోసారి చెప్పించుకోవడానికి అంత డబ్బు పోయాలా అనిపించింది. చార్జింగు సంగతీ అంతే: తెర ఎప్పుడూ వెలగకుండా పెట్టుకుంటే 40 గంటలు, వెలుగుతూ ఉంచితే 30 గంటలు అని కంపెనీవారే చెబుతున్నారు, బిప్‌కు 14 రోజులు వస్తుందట. పైగా 2021లో వేర్ ఓఎస్ అనే గూగుల్‌వారి గడియారాల సాఫ్ట్‌వేర్‌కు మారిన నాటి నుంచి గెలాక్సీ గడియారాలు ఐఫోనుతో కలవడం లేదు. తన పాత ఐఫోను వచ్చే ఏడాది నాకిస్తానని మాట ఇచ్చిన మా పుత్రరత్నమే ఆ గడియారాన్ని పట్టికలో మొదటి గడిలో పెట్టాడు. ఇంజనీరింగు చదివించినందుకు దక్కిన ఫలం ఇది.

అసలు నాకు ఈ జాతి మొత్తం మీదే గుర్రుగా ఉంది. కొనేముందు అలవాటు చేసుకొమ్మని మేనల్లుడు తాను వాడి మానేసిన గడియారం ఒకటి ఇచ్చాడు; అది ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. పదో తరగతిలో పొద్దుట నుంచి నిలబడి కాంతి పరావర్తనం చెబుతూ ఉంటే, చాలాసేపటి నుంచి కదలకుండా ఉన్నారు, కాస్త లేచి తిరగండి అని మణికట్టు మీద గొణిగింది. కూర్చుంటే కదా లేవడానికి! అయ్యకోనేరు గట్టు మీద ఎడమ చేత్తో కూరల సంచీ పట్టుకుని నడిచి వస్తే ఆ నడకలో చాలా భాగం లెక్కకు రాలేదు, ఇంటికి వచ్చి చపాతీలు ఒత్తుతూ ఉంటే మాత్రం అడుగులు జోరుగా పెరిగాయి. చేతి ఊపును బట్టి అడుగులు లెక్కకట్టే వస్తువు నుంచి అంతకంటే ఆశించకూడదని భౌతికశాస్త్రం చెప్పేదాన్ని కనుక నాకు తెలుసు, తెలిసినంత మాత్రాన ఒళ్ళు మండకుండా ఉంటుందా? రాత్రి పడుకునే ముందు లక్ష్యం చేరలేదని దిగులు మొహం బొమ్మ ఒకటి చూపించేది. ఆ పదివేల అడుగుల లక్ష్యమైనా వైద్యులు తేల్చిన హద్దు కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి పెడుతూ దానికి తగిలించిన అంకె. వాళ్ళెవరో సరుకు అమ్ముకోవడానికి పెట్టిన లెక్కకు నేను విజయనగరంలో రాత్రి పదింటికి హాల్లో అటూ ఇటూ పచార్లు చేశాను. వీటన్నిటినీ మించి, తెలుగులో వచ్చిన సందేశాలన్నీ ఆ తెర మీద వరుసగా ఖాళీ డబ్బాలై కనిపించేవి. మా చెల్లెలు ఏదో పెద్ద కబురే పంపింది. నాకు చేరినవి తొమ్మిదో పదో డబ్బాలు, చివర నవ్వు మొహం.

మళ్ళీ మా వారి మాట దగ్గరికి వస్తాను. చేతి గడియారం టైమ్ చూడటానికే అయితే మా చిన్నాన్న చేసినదాన్ని ఏమనుకోవాలి?

చిన్నాన్న జూట్ మిల్లులో షిఫ్టు పని చేసేవాడు. మా వీధికంతటికీ మిల్లు కూతే గడియారం. నాన్నమ్మ ఎసరు పెట్టడం, మేము బడికి బయలుదేరడం అన్నీ ఆ కూతను బట్టే సాగేవి. చేతికి గడియారం ఉన్నవాడు మాత్రం చిన్నాన్న ఒక్కడే. పెళ్ళిలో మామగారు పెట్టిన హెచ్‌ఎంటీ అది, రోజూ కీ ఇచ్చేది. సిటిజన్ అనే జపాను కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో మన దేశం చేయడం మొదలుపెట్టిన గడియారాలవని అందరికీ చెప్పి మురిసేవాడు. పొద్దుటి కూత వినగానే అరుగు మీద కూర్చుని, బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆ చిన్న కీని పట్టుకుని, ఇక తిరగనని అది మొరాయించేదాకా మెల్లగా తిప్పేవాడు. కూతకూ ముల్లుకూ తేడా వస్తే ఎప్పుడూ ముల్లు సరిచేసిన పాపాన పోలేదు, "మిల్లోడు ఇయ్యాల రెండు నిమిషాలు లేటు" అని తీర్పు చెప్పేవాడు. తరువాత మిల్లు మూతపడింది. ఆ నెలల్లో అత్తారి గడియారం తాకట్టుకు వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. ఎండకు కమిలిన ముంజేతి మీద, అది ఉండే చోట తెల్లటి పట్టీ లాంటి మచ్చ మాత్రం మిగిలింది. కూత కూడా ఆగిపోవడంతో వీధిలో వాళ్ళు మునుపటికంటే ఎక్కువగా, "టైమెంతయ్యిందిరా?" అని అతన్నే అడిగేవారు. అతను చెయ్యెత్తి, కళ్ళు చికిలించి ఆ తెల్ల మచ్చనే చూసి, "తొమ్మిదీ పది" అనేవాడు. చేతికి గడియారం లేదని ఎవరూ అనేవారు కాదు. నాన్నమ్మ ఆ తొమ్మిదీ పదికే పొయ్యి వెలిగించేది.

చిన్నాన్న గుర్తుకొచ్చాక, చెయ్యి ఎత్తి మణికట్టు తిప్పితే గానీ వెలగని నల్ల తెర నాకొద్దనిపించింది. ఎప్పుడు చూసినా ముళ్ళు కనపడాలి. ఆ సదుపాయం రెండింటిలోనూ ఉంది, కాకపోతే దానితో బ్యాటరీ తొందరగా అయిపోతుంది. 14 రోజుల్లోంచి కొంత పోతే భరించవచ్చు, 40 గంటల్లోంచి పోతే మిగిలేదేమిటి? ఇక్కడికి బిప్ అని తేల్చేశాను.

తేల్చేసి గ్లాసులు కడుగుతూ ఉంటే అత్తయ్యగారు వచ్చారు. "గాజులు తీసీసి ఇదెట్టుకుంటావేటమ్మా?" అన్నారు. తీయనని చెప్పాను. "మరి గీతలు పడిపోవా?" అన్నారు. ఆవిడ గడియారం గురించి అడుగుతున్నారనుకుని, బంగారం మెత్తనిది, అద్దాన్ని గీయలేదని పాఠం మొదలుపెట్టాను. ఆవిడ అడిగింది గాజుల గురించి! నిజమే, ఏది దేన్ని గీయగలదో చెప్పే మోస్ గట్టిదనం కొలతలో మేలిమి బంగారం మూడుకు లోపే ఉంటుంది, అద్దం అయిదున్నర దగ్గర, గెలాక్సీ తెరకు వాడే నీలమణి స్ఫటికం ఏకంగా తొమ్మిది. రోజంతా రాసుకుంటే అరిగేవి ఆవిడ పెట్టిన గాజులే. ఎడమ చేతికి బంగారం తీసి మట్టిగాజులు వేసుకుంటే ఆవిడకూ అభ్యంతరం లేదు. అయితే మట్టిగాజులూ బిప్ మీది అద్దమూ ఇంచుమించు ఒకే గట్టిదనం గలవి, ఒకదాన్నొకటి గీసుకుంటాయి. నీలమణికైతే ఆ బెంగ లేదు. అంటే మళ్ళీ గెలాక్సీయా? ఒక్క అద్దం కోసం రోజూ చార్జింగు పెట్టే చాకిరీ, వచ్చే ఏడాది ఐఫోనుతో పేచీ నెత్తిన పెట్టుకోలేను. బిప్ మీదికి ఒక స్క్రీన్ గార్డు అతికిస్తే సరిపోతుంది, గీతలు పడితే పడేది దాని మీదే.

ఆదివారం మట్టిగాజులు వేసుకునే గంటస్తంభం వైపున్న గడియారాల కొట్టుకు వెళ్తాను. డబ్బాల పీడ మళ్ళీ తగులుకోకుండా, డబ్బు ఇచ్చేముందే చెల్లెలి చేత ఒక తెలుగు సందేశం పంపించుకుని ఆ తెర మీద చదివి చూస్తాను. పోయినసారి ఆ కొట్టు కుర్రాడు నాతో ఒక్క ముక్కా మాట్లాడకుండా, లేడీస్ మోడల్ ఉంది సార్ అని మా వారికి రాళ్ళు పొదిగిన గులాబి రంగుది చూపించాడు. ఈసారి ఆయన్ని బయట స్కూటరు దగ్గరే నిలబెడతాను.