నాన్న జీపు ఇంజన్ పుట్టుక వెతికిన కథ

ఇంజన్ లోపలికి నూనె తోసే కొత్త ఆయిల్ పంపు సగం దాకా దిగి ఆగిపోయింది. మేస్త్రీ దాన్ని రెండుసార్లు బయటికి లాగి, తిప్పి, మళ్లీ పెట్టి చూశారు. మూడోసారి పక్కనున్న కుర్రాడు సుత్తి అందించబోయేసరికి నేను అడ్డుపడ్డాను.

"జీపు పంపే కదా బాబూ, ఎందుకు కూర్చోదు?" అన్నారు ఆయన.

అమ్మిన కొట్టువాడు కూడా అదే మాట అన్నాడు, జీపు పంపు అని. జీపులన్నీ ఒకటేనని అప్పటిదాకా నేనూ అనుకున్నాను.

ఆ జీపు నాన్నది. 1984లో ఒక కాంట్రాక్టరు దగ్గర కొన్నారు. ఆయన పోయాక గుంటూరు దగ్గర మా ఊళ్లో, రేకుల షెడ్డు కింద, వరిగడ్డి మోపుల పక్కన ఏళ్ల తరబడి పడి ఉంది. ఆర్‌సీ పుస్తకంలో మహీంద్రా అనీ, 1968 అనీ ఉంది. నాన్న మాత్రం ఎవరు ఎక్కినా "ఇది యుద్ధం చూసిన ఇంజన్" అనేవారు. "యుద్ధంలో దాహం వేసి ఉంటుంది, అందుకే అంత పెట్రోలు తాగుతోంది" అనేది అమ్మ. ఆ మాటకు నవ్వడమే తప్ప, నిజమా కాదా అని మాలో ఎవరం చూడలేదు.

ఈ వేసవిలో దాన్ని లారీకెక్కించి విజయవాడ ఆటోనగర్‌కు తెచ్చాను. ఇంజన్ స్టార్టయింది కానీ ఆయిల్ ప్రెషర్ ముల్లు లేవలేదు. పంపు అరిగిందన్నారు. అలా మొదలైంది ఈ సుత్తి గొడవ.

ఆ రోజు పని ఆపించి, ఇంటికెళ్లి రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1944లో వచ్చిన అమెరికా సైన్యపు జీపు మాన్యువల్ ముందేసుకున్నాను. పాత జీపులు బాగుచేసేవాళ్ల రాతలు కూడా కొన్ని చదివాను. ఈ ఇంజన్ ఆ మహీంద్రా జీపుది కాదనడానికి మొట్టమొదటి ఆధారం నా కళ్లముందే ఉందని అప్పుడు తెలిసింది. మహీంద్రా తయారు చేసిన జీపు సీజే-3బీ నమూనా. దాని బానెట్ ఎత్తుగా ఉంటుంది. ఎందుకంటే కింది ఇంజన్ ఎత్తు ఎక్కువ. అందులో గాలి, పెట్రోలు లోపలికి వదిలే వాల్వులు హెడ్‌లో, అంటే ఇంజన్ పైభాగంలో ఉంటాయి, పొగ పోయే వాల్వులు బ్లాకులో, అంటే కింది ఇనుప దిమ్మెలో ఉంటాయి. హెడ్ మీద రాకర్ మూత ఉంటుంది. దాన్ని ఎఫ్-హెడ్ అంటారు. మా జీపు బానెట్ ఎత్తితే లోపల చదునైన హెడ్, దాని మీద నిలబడ్డ నాలుగు ప్లగ్గులు తప్ప ఇంకేమీ లేవు. బానెట్‌కూ హెడ్‌కూ మధ్య మంచినీళ్ల కూజా పెట్టేంత ఖాళీ. ఇన్నేళ్లూ ఆ ఖాళీని చూసి "గాలి బాగా ఆడుతుంది" అని మెచ్చుకున్నవాడిని నేనే.

చదునైన హెడ్ అంటే ఎల్-హెడ్. వాల్వులన్నీ బ్లాకులోనే. యుద్ధకాలంలో జీపులు చేసిన అమెరికా కంపెనీ విల్లీస్ వాళ్ల తొలి జీపు ఇంజన్ అదే. రెండింటికీ సామర్థ్యం ఒకటే, 2199 సీసీ. బోరు (సిలిండరు వెడల్పు), స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) కూడా ఒకటే. సీసీ అడిగి పంపు అమ్మేవాడికి తేడా తెలియదంటే తెలియదు మరి.

మర్నాడు అంకెల వేటకు దిగాను. ఇక్కడ ఒక సంగతి ముందే తెలిసి ఉంటే నాకు సగం రోజు మిగిలేది. బ్లాకు మీద రెండు రకాల అంకెలు ఉంటాయి. ఒకటి పంచ్ పెట్టి సుత్తితో కొట్టినవి, ఇనుములోకి దిగి ఉంటాయి. అది ఇంజన్ నంబరు, ఆర్‌సీలో రాసేది అదే. రెండోది పోతపోసినప్పుడే అచ్చుతో పాటు వచ్చినవి, ఉబ్బెత్తుగా ఉంటాయి. అది పోత అంకె. ఆ అచ్చులో పోసిన బ్లాకులన్నిటికీ అదొక్కటే. ఇంజన్ నంబరు మనిషి పేరు లాంటిది, పోత అంకె ఇంటిపేరు లాంటిది. నేను ఇంటిపేరు వెతకాల్సింది పోయి పేరు పట్టుకుని గంటలు గడిపాను.

అలాగని ఆ గంటలు పూర్తిగా వృథా కాలేదు. బ్లాకు ముందు భాగంలో కుడివైపు చిన్న చదును గట్టు ఉంది. కిరోసిన్ గుడ్డతో తుడిస్తే అంకెలు కనిపించాయి, ఆర్‌సీతో సరిపోయాయి. కానీ ఆ చదును మీద అడ్డంగా సన్నటి గీతలు ఉన్నాయి. మేస్త్రీ బొటనవేలి గోరుతో రాసి చూసి, "ఆకురాయి పెట్టారు బాబూ" అన్నారు. అంకెలు కూడా ఒకటి పైకి, ఒకటి కిందికి, తాగి నడిచినట్టు ఉన్నాయి. యుద్ధకాలపు విల్లీస్ అయితే అక్కడ ఆ సైనిక నమూనా పేరైన ఎంబీ అనే అక్షరాలు, వెనక ఆరంకెలు ఉండాలి. ఉంటే గింటే అవి ఆకురాయి కింద అరిగిపోయాయి. ఎవరో ఎప్పుడో పాత బ్లాకు బిగించి, కాగితంలోని నంబరు దాని మీద కొట్టేశారు.

ఇక పోత అంకె. అది ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉన్న వైపు, ఆయిల్ పోసే గొట్టానికి దగ్గర్లో ఉంటుందని చదివాను. అక్కడ చెయ్యి పెడితే మెత్తగా తగిలింది. గ్రీజు, దుమ్ము, పెయింటు కలిసి అట్ట కట్టాయి. ఉలితో గీకుదామంటే మేస్త్రీ ఒప్పుకోలేదు, అంకె అంచు లేచిపోతుందన్నారు. కిరోసిన్‌లో ముంచిన గుడ్డను గంటసేపు అంటించి ఉంచాం. తర్వాత చెక్కముక్కతో పొర ఎత్తి, వైరు బ్రష్షుతో రుద్దాం. అయినా అంకెలు కావు, గవ్వల్లా కనిపించాయి. అప్పుడు సుద్దముక్కను పక్కవాటంగా పట్టుకుని మీద మెల్లగా రాశాను. ఉబ్బెత్తు చోట్ల తెలుపు అంటింది, పల్లం నల్లగా ఉండిపోయింది. ఫోను టార్చి ఎదురుగా పట్టకుండా గోడకు ఆనించి ఏటవాలుగా వేస్తే నీడలు లేచాయి. ఆరు, మూడు, తర్వాత ఎనిమిదో మూడో తేలలేదు. తడి కాగితం అద్ది, పెన్సిలుతో రుద్ది తీశాను, ఆర్టీవో ఆఫీసులో చాసిస్ ప్రింటు తీసినట్టు. ఎనిమిదే. 638632.

యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ బ్లాకుల మీద ఉండే అంకె అది. నాకు చేతులు వణికాయంటే అతిశయోక్తి కాదు. అమ్మకు ఫోను చేసి చెప్పాను కూడా. చేశాక మిగతాది చదివాను. యుద్ధం అయ్యాక పౌరులకు అమ్మిన సీజే-2ఏ తొలి జీపుల్లోనూ ఇదే బ్లాకు వాడారట. అంటే నాన్న మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. తేల్చగలిగిన అంకెను ఆకురాయి తినేసింది. రెండోసారి ఫోను చేసి ఆ సంగతి అమ్మకు చెప్పే ధైర్యం లేకపోయింది.

పంపుకు మాత్రం యుద్ధంతో పని లేదు. దానికి కావాల్సింది, తనను తిప్పే క్యామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఎటు తిరుగుతుందన్నది ఒక్కటే. ఈ తొలి బ్లాకుల్లో ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ నుంచి క్యామ్‌కు చైన్ ఉంటుంది, రెండూ ఒకే వైపు తిరుగుతాయి. తర్వాతి వాటిలో చైన్ తీసి గేర్లు పెట్టారు. గేరుకు గేరు తగిలితే రెండోది ఎదురు తిరుగుతుంది కదా. అందుకే ఆ పంపు గేరు పళ్ల వాలు కూడా తిరగబడింది. మాకు అమ్మింది గేర్ల ఇంజన్ పంపు. సుత్తితో కొట్టి ఉంటే పళ్లు రాలేవి.

అంకెను నమ్మినా కంటితో చూడాలనిపించింది. ప్లగ్గులు ఊడదీసి, పంపు రంధ్రంలోకి టార్చి వేసి, మా బావమరిదిని ముందు నుంచి హ్యాండిల్ తిప్పమన్నాను. "బావా, ఎంతసేపు?" అంటూనే తిప్పాడు. లోపల నూనెతో మెరిసే పళ్లు పైనుంచి కిందికి దిగుతున్నాయి. క్రాంక్ తిరిగే వైపే. చైన్ ఇంజనే.

పాత పంపును గుడ్డలో చుట్టుకుని ఆటోనగర్‌లో పాత సామాను కొట్లన్నీ తిరిగాం. "జీపు పంపు ఉందా" అని ఎక్కడా అడగలేదు. గుడ్డ విప్పి, పళ్ల పక్కన పళ్లు పెట్టి వాలు చూశాం. ఐదో కొట్టులో దొరికింది. బిగించేటప్పుడు ఇంకో తిప్పలు. ఈ ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేది పంపు ఇరుసే. ఇరుసు కొనలోని గాడిలో డిస్ట్రిబ్యూటర్ నాలుక కూర్చోవాలి. గాడి నట్టనడుమ ఉండదు, కాస్త పక్కకు ఉంటుంది. ఒక పన్ను తేడా వచ్చినా టైమింగ్ చెడుతుంది. నాలుగోసారికి కుదిరింది.

ఇంజన్ వేడెక్కాక నెమ్మది మీద ముల్లు పది పౌన్ల దగ్గర నిలిచింది. రోడ్డెక్కి వేగం అందుకున్నాక ముప్పై అయిదుకు వచ్చింది.  ఇంజన్ మార్పును ఆర్‌సీలో ఎక్కించే పని ఇంకా నడుస్తోంది, అది వేరే పురాణం.

మొదటి పంపును కొట్టువాడు వెనక్కి తీసుకోలేదు. డబ్బాతో సహా మా ఇంట్లో బీరువా మీద ఉంది. గేర్ల ఇంజన్ జీపు ఉన్నవాళ్లు ఎవరైనా వస్తే ఊరికే ఇచ్చేస్తాను. వచ్చేటప్పుడు పాత పంపు వెంట తెచ్చుకోవాలి, పళ్లు చూడకుండా ఇవ్వను.