ఆన్‌లైన్ థెరపీ మొదలుపెట్టే ముందు తలుపు సంగతి చూసుకోండి

బెంగళూరులో ఉంటూ ఆన్‌లైన్ థెరపీ మొదలుపెట్టాలనుకునే తెలుగువాళ్లు ముందుగా థెరపిస్టును వెతుకుతారు. అది అవసరమే. కానీ మొదలుపెట్టాక గాడి తప్పించేది తరచూ ఇంకొకటి: మాట్లాడుకోవడానికి చోటు లేకపోవడం. మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో ముగ్గురు పంచుకునే పీజీ గదిలో కూర్చుని, పక్క మంచం మీదివాళ్లు వింటున్నారేమోనని గొంతు తగ్గించుకుంటే, అసలు మాట బయటికి రాకుండానే సెషన్ అయిపోతుంది. ఎంత సమర్థులైన థెరపిస్టుకైనా మనం చెప్పని మాట చేరదు కదా. అందుకే చోటు, వేళ తేల్చుకున్నాకే బుకింగ్ చేసుకోండి.

చాలామంది ఇయర్‌ఫోన్లు ఉంటే చాలనుకుంటారు. వాటివల్ల అవతలివాళ్ల మాట బయటికి వినపడదు గానీ, మీ మాట వినపడుతుంది. గది తలుపు బయట, కింది సందుకు దగ్గరగా ఇంకో ఫోన్ పెట్టి వాన చప్పుడు లాంటిది ఆడిస్తే, లోపలి మాటలు బయట స్పష్టంగా తెలియవు. రూమ్మేట్ ఆఫీసుకు వెళ్లే రోజును ఎంచుకోవడం అంతకంటే మేలు. ఆపి ఉంచిన కారు కూడా మంచి గదే, కానీ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో సిగ్నల్ నిలవదు, ఒకరోజు ముందే అక్కడ వీడియో కాల్ చేసి చూడండి. ఆఫీసు ఫోన్ బూత్ వద్దు. అద్దాల గోడలోంచి మాట వినపడకపోయినా కన్నీళ్లు కనపడతాయి, పైగా బయటికి రాగానే మీటింగ్‌కు పరుగెత్తాలి. సెషన్ తర్వాత కనీసం పావుగంట ఖాళీగా ఉంచుకోండి. అత్తమామలతోనో అమ్మానాన్నలతోనో ఉంటే పెద్ద వివరణ అక్కర్లేదు, "గంటసేపు కాల్‌లో ఉంటాను, తలుపు కొట్టకండి" అంటే సరిపోతుంది.

ఆఫీసు ల్యాప్‌టాప్ వాడకండి. అందులో కంపెనీ నిఘా సాఫ్ట్‌వేర్ ఉండొచ్చు, క్యాలెండర్‌లో పడ్డ ఆహ్వానం టీమ్ మొత్తానికి కనపడొచ్చు. సొంత ఫోన్‌ను కంటి ఎత్తులో ఆనించి పెట్టుకోండి, చేత్తో పట్టుకుంటే ధ్యాసంతా ఫోన్ మీదే ఉంటుంది. వీడియో కాల్‌కు నాణ్యతను బట్టి గంటకు అర జీబీ నుంచి ఒకటిన్నర జీబీ దాకా డేటా అవుతుంది. కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది కాబట్టి మొబైల్ డేటా సిద్ధంగా ఉండాలి. కాల్ తెగితే ఎవరు ఎవరికి చేయాలి, ఎన్ని నిమిషాలు ఆగి మామూలు ఫోన్ కాల్‌కు మారాలి అన్నది మొదటి రోజే మాట్లాడుకోండి. లేదంటే సరిగ్గా కష్టమైన మాట దగ్గర లైన్ పోయి, ఇద్దరూ ఒకరికొకరు డయల్ చేసుకుంటూ బిజీ టోన్ వింటారు.

ఇక ఎవరి దగ్గరికి వెళ్లాలి? సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టర్, మందులు రాసేది వారే. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, వారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడం అవమానించడం కాదు, సంకోచం లేకుండా అడగండి. కౌన్సెలింగ్ సైకాలజిస్టులైతే సాధారణంగా సైకాలజీలో ఎంఏ గానీ ఎంఎస్సీ గానీ చేసి ఉంటారు. ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు, మీలాంటి సమస్యతో ఎంతమందిని చూశారు అని అడగండి. భాష సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఆఫీసు కష్టం ఇంగ్లిష్‌లో చెప్పగలిగినవాళ్లకే, నాన్న మీది కోపం చెప్పాల్సి వస్తే మాట తడబడుతుంది. ఆన్‌లైన్ కాబట్టి థెరపిస్టు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్నా ఇబ్బంది లేదు.

సెషన్ 45 నుంచి 60 నిమిషాలు, మొదట్లో సాధారణంగా వారానికొకటి. ఫీజు ఒక్క సెషన్‌కు కాకుండా నెలకు నాలుగు చొప్పున లెక్కేసుకోండి. భారమైతే తగ్గింపు రేటు ఉందా అని అడగండి, చాలామంది కొన్ని స్లాట్లు అలా కేటాయిస్తారు. 24 గంటల ముందు చెప్పకుండా రద్దు చేస్తే పూర్తి ఫీజు తీసుకునే పద్ధతి మామూలే, ప్రొడక్షన్ రిలీజులతో అకస్మాత్తుగా పని పడే ఉద్యోగమైతే ఈ నిబంధన బాగా చదవండి. మానసిక అనారోగ్యానికీ శారీరక జబ్బుల మాదిరే బీమా ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతుంది, కానీ ఓపీడీ కవర్ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి బీమా) లేని పాలసీలో థెరపీ ఫీజు రావడం కష్టం. కంపెనీ ఉద్యోగుల సహాయ పథకం కింద కొన్ని సెషన్లు ఉచితంగా ఇస్తుంటే, అవి ఎన్ని, అయిపోయాక అదే థెరపిస్టుతో కొనసాగవచ్చా, హెచ్‌ఆర్‌కు ఏం తెలుస్తుంది అన్నవి ముందే కనుక్కోండి.

మొదటి సెషన్‌కు ముందు సమ్మతి పత్రం పంపుతారు. మీరు చెప్పేది గోప్యంగా ఉంటుందనీ, ప్రాణాపాయం, పిల్లలపై లైంగిక హింస, కోర్టు ఆదేశం లాంటివి మినహాయింపులనీ అందులో ఉంటుంది. రికార్డింగ్ గురించి లేకపోతే అడగండి. మీరు ఉన్న చోటు చిరునామా, దగ్గరివాళ్ల ఫోన్ నంబరు అడిగితే అనుమానపడకండి. అవతలి ఊళ్లో ఉన్న మనిషి అత్యవసరంలో మీ దగ్గరికి సహాయం పంపడానికి అదొక్కటే దారి. వేరే చోటు నుంచి కలిసిన రోజు ఆ చిరునామా చెప్పండి. చనిపోవాలన్న ఆలోచన బలంగా ఉన్నా, లేని మాటలు వినిపిస్తున్నా, ఇంట్లో కొట్టే మనిషి పక్కగదిలోనే ఉన్నా వారానికో వీడియో కాల్ చాలదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. నేరుగా వెళ్లాలంటే హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో అత్యవసర విభాగం ఉంది.

మొదటి సెషన్ చాలావరకు ప్రశ్నలతోనే గడుస్తుంది: నిద్ర, ఆకలి, కుటుంబం, పాత జబ్బులు, వాడుతున్న మందులు. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలతో డిప్రెషన్ లక్షణాలను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 లాంటి ఫారం నింపమనవచ్చు. మంచి మార్కుల కోసం రాసినట్టు రాయకండి, ఉన్నదున్నట్టు రాయండి. ఆరోజే ఊరట దక్కకపోతే థెరపీ పనిచేయలేదని కాదు. నాలుగైదు సెషన్లయ్యాక "మనం దేనిమీద పనిచేస్తున్నాం, ఎంతవరకు వచ్చాం?" అని మీరే అడగండి. పొసగకపోతే మెసేజ్‌లకు జవాబివ్వకుండా మాయమవ్వకండి. మార్చుకుంటానని చెప్పి, కొత్త థెరపిస్టుకు ఇవ్వడానికి ఒక పేజీ సారాంశం రాసివ్వమనండి. అది ఉంటే మొదటి సెషన్‌లో చెప్పినదంతా మళ్లీ మొదటినుంచి చెప్పాల్సిన అవసరం ఉండదు.