బెల్లం గుర్రుమనడం మానేసినప్పుడు

బెల్లం మా ఇంటికొచ్చింది జూలై వానల్లో. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మా స్కూటీ కింద దూరి వణుకుతూ కనిపించింది. పళ్లు చూసి రెండు నెలలుంటాయన్నారు డాక్టరు గారు. ఒంటి రంగు అచ్చం పాత బెల్లం, అందుకే మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. "వీధి కుక్కకి పేరు కూడానా" అని విసుక్కున్న అత్తయ్యే మూడో రోజుకి "బెల్లం, ఇలా రామ్మా" అంటూ పెరుగన్నం కలిపి పెట్టడం మొదలెట్టారు.

ఉచ్చ గొడవ అందరిళ్లలో ఉండేదే, దాని గురించి ఎక్కువ రాయను. టీకాలన్నీ అయ్యేదాకా కిందకి దించొద్దు, వేరే కుక్కలు తిరిగిన చోట పార్వో అనే వైరస్ జబ్బు అంటుకుంటుంది అన్నారు. అందుకని డాబా మీద పాత సిమెంటు తొట్టిలో మట్టి పోసి, నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక ఎత్తుకెళ్లి అందులో నిలబెట్టేదాన్ని. హాల్లో పోసిన చోటే మళ్లీ పోస్తుంటే ఎంత ఫినాయిల్ కొట్టినా లాభం లేకపోయింది. మన ముక్కుకి వాసన పోతుంది, దాని ముక్కుకి పోదు. ఎంజైమ్ క్లీనర్ తెచ్చి తుడిచాకే ఆ మూల వదిలింది. దాదాపు 14 వారాల లోపు చూసినవీ విన్నవీ కుక్కపిల్లకి మామూలైపోతాయట. అందుకని నేల మీద దించకుండా చంకనేసుకుని గేటు దాకా తీసుకెళ్లి ఆటోలు, హారన్లు, కూరగాయల బండి మైకు, హెల్మెట్ పెట్టుకున్న మనుషులు, అన్నీ చూపించేదాన్ని. వాచ్‌మన్ నవ్వేవాడు, "పాపకి ఊరు చూపిస్తున్నారా మేడమ్" అని.

నాలుగో నెలలో పాలపళ్లు ఊడటం మొదలైంది. రెండు చెప్పులు, ఒక ఛార్జర్ వైరు పోయాయి. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన క్యారెట్ ఇచ్చాక కాస్త నయం.

అసలు కథ ఆ నెలలోనే మొదలైంది. బెల్లం తింటోంది. గిన్నె గుమ్మానికి అడ్డంగా ఉందని అత్తయ్య కాలితో కొంచెం పక్కకి జరిపారు. "గుర్ర్" అంది. పిల్లది, అరచెయ్యంత మొహం, కానీ ఆ చప్పుడుకి ఇంట్లో అందరం బిగుసుకుపోయాం. మర్నాడు మళ్లీ. మా ఆయన ఎవరినో అడిగి ట్రైనర్ని పిలిపించారు.

ఆయన చోక్ చైన్ తెచ్చాడు, లాగితే మెడకి బిగుసుకునే గొలుసు. కుక్క తోడేలు జాతి, ఇంట్లో లీడర్ ఎవరో దానికి తెలియాలి, గుర్రుమన్న ప్రతిసారీ గొలుసు ఒక్క గుంజు గుంజి గట్టిగా "నో" అనాలి అన్నాడు. ఆ లీడర్ కథ ఎక్కడిదో తర్వాత చదివాను. రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బోనులో ఉన్న తోడేళ్లను చూసి 1947లో రాసినది దానికి మూలం. దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ తనే, అడవిలో తోడేళ్ల గుంపంటే మామూలుగా అమ్మా నాన్నా పిల్లలే, అందులో పెత్తనం కోసం కొట్లాట ఉండదని 1999లో రాశాడు. అప్పుడు నాకివేవీ తెలియదు. రెండు వారాల్లో బెల్లం గుర్రుమనడం మానేసింది. మేం సంతోషించి డబ్బులిచ్చి పంపించాం.

దసరా సెలవులు. మా అమ్మాయి చేతిలోంచి పెన్సిల్ జారి గిన్నె పక్కకి దొర్లింది. తీద్దామని వంగింది. చప్పుడు లేదు, పళ్లు చూపించడం లేదు, ఏమీ లేదు. కరిచేసింది. మణికట్టు మీద రెండు గాట్లు, సన్నగా రక్తం. అత్తయ్య పసుపు డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చారు, వద్దని పిల్లని సింక్ దగ్గర నిలబెట్టాను. ధార కింద సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసి కడిగాను. బెల్లానికి రేబిస్ టీకా అయింది కానీ ఆసుపత్రిలో పిల్లకి కూడా వెయ్యాల్సిందే అన్నారు. ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు.

ఆ రాత్రి మా ఆయన, "ఎక్కడన్నా వదిలేసి వస్తాను" అన్నారు. నేనేమీ అనలేదు. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది.

పొద్దున్నే పశువుల డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. అంతా విని ఆయన ఒకటే అడిగారు: "కరిచే ముందు గుర్రుమందా?" లేదండీ, అది మానిపించేశాం అన్నాను గొప్పగా. "అదేనమ్మా తప్పు. గుర్రుమనడం దాని హారన్. మీరు బ్రేకులు చూడలేదు, హారన్ వైరు తెంపారు." గిన్నె దగ్గరికి మనిషొస్తే దానికి భయం, తిండి లాక్కుంటారని. గొలుసు గుంజుడుతో ఆ భయం పోలేదు సరికదా, మనిషి వస్తే మెడకి నొప్పి కూడా అని ఇంకోటి నేర్చుకుంది. పైకి చెప్తే దెబ్బ పడుతుంది కాబట్టి చెప్పడం మానేసింది.

చోక్ చైన్ అక్కడే చెత్తబుట్టలో పడేసి వచ్చాను.

డాక్టరు గారు చెప్పిన పద్ధతి వినడానికి చాలా సులువు. అది తింటున్నప్పుడు దూరంగా నిలబడి, గిన్నెలో ఉన్నదానికంటే రుచైనది ఒక ముక్క దానివైపు విసిరి వెనక్కి వచ్చేయాలి. అంతే. దగ్గరికెళ్లకూడదు, ముట్టుకోకూడదు, గిన్నె అసలు తియ్యకూడదు. మనిషి వస్తే గిన్నెలోది పోదు, ఇంకోటి వస్తుంది అని దానికి తెలియాలి. పిల్ల మాత్రం ఈ పనిలోకి రాకూడదు. గిన్నె బాల్కనీలోకి మార్చి, తినేటప్పుడు మధ్య తలుపు వేసేవాళ్లం.

మా బాల్కనీలో రెండడుగుల టైల్స్. అవే నాకు కొలత. మొదటి రోజు ఆరు టైల్స్ దూరం. ఉడికించిన చికెన్, చిటికెన వేలి గోరంత ముక్కలు, ఉప్పూ ఉల్లిపాయా లేకుండా. ఉల్లిపాయ కుక్కలకి పడదు, రక్తం పాడవుతుంది. "ఉప్పు లేకుండా ఎలా తింటుందే పాపం" అని అత్తయ్య బాధ అత్తయ్యది. పాల లెక్క రాసే పుస్తకంలో వెనక నుంచి రాయడం మొదలెట్టాను: తేదీ, టైల్, బిగుసుకుందా లేదా. బిగుసుకోవడం అంటే ఏమిటో చూడటం నేర్చుకోవడానికే వారం పట్టింది. తింటూ తింటూ నోరు ఆగుతుంది, లేదా ఉన్నట్టుండి గబగబా మింగుతుంది. తోక కదలదు. తల ఎత్తకుండా కనుకొసల నుంచి మనల్ని చూస్తుంది, తెల్లగుడ్డు కనబడుతుంది. గుర్రుమనడం పోయినా ఇవన్నీ అలాగే ఉన్నాయి. దసరా నాడు కూడా ఉండే ఉంటాయి, మేం చూడలేదు.

బిగుసుకుంటే ఒక టైల్ వెనక్కి. మూడు రోజులు వరసగా తోక ఊపితే ఒక టైల్ ముందుకి. మా ఆయనకి ఓపిక లేదు. తొమ్మిదో రోజు "బానే ఉందిగా" అని రెండు టైల్స్ ఒకేసారి దూకారు. మళ్లీ ఆరుకి వచ్చాం. ఈ పనికి పుట్టినట్టున్నది అత్తయ్య. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ఎలాగూ తొందరగా నడవలేరు. మెల్లగా వచ్చి, ఒక ముక్క వేసి, "తినమ్మా" అని మెల్లగా వెళ్లిపోయేవారు. ఆవిడ కోసం బెల్లం గిన్నెలోంచి తలెత్తి ఎదురుచూడటం మొదలైంది.

మధ్యలో దీపావళి వచ్చి అంతా చెడగొట్టింది. రెండు రోజులు బాత్రూంలో ఫ్యాన్ వేసుకుని దాని పక్కన కూర్చున్నాను, తిండి ముట్టలేదు. ఆ తర్వాత మళ్లీ ఆరో టైల్.

సంక్రాంతికి ఒకటో టైల్ దాటాం. వంగి చేత్తో గిన్నెలో ముక్క వేసినా తోక ఆగలేదు. కాలింగ్ బెల్ మోగితే మాత్రం ఇప్పటికీ మొరుగుతుంది. దాని లెక్కలో అది మొరగబట్టే ప్రతి డెలివరీ అబ్బాయీ వెళ్లిపోతున్నాడు, రోజుకి నాలుగుసార్లు గెలిచే ఆట ఎందుకు మానుతుంది? అది ఇంకా తేలలేదు.

మొన్న ఫిబ్రవరిలో ఒకరోజు వంటింట్లోంచి కొబ్బరిచిప్ప ఎత్తుకెళ్లి మంచం కింద కొరుకుతోంది. అత్తయ్య చీపురు పెట్టి మంచం కింద ఊడవబోయారు. "గుర్ర్."

మా ఆయన పేపర్లోంచి తలెత్తి, "మళ్లీ మొదలెట్టిందా?" అన్నారు. నేను ఫ్రిజ్‌లో చికెన్ డబ్బా కోసం లేచాను. అత్తయ్య చీపురు వెనక్కి తీసుకుని రెండడుగులు జరిగి నిలబడ్డారు.

"అమ్మయ్య, నోరొచ్చింది దీనికి," అన్నారు. "సరేలేమ్మా, తర్వాత ఊడుస్తాను."